ట్రెజర్ సేఫ్ 3 క్రిప్టో వాలెట్ ఎనిమిది నెలలు వాడాక: పెట్టె గట్టిదే, ఇంట్లోవాళ్ళకి అందుతుందా?

నేను విజయవాడలో ఆడిటర్‌ని. గవర్నర్‌పేటలో చిన్న ఆఫీసు. 2022 నుంచి మా క్లయింట్ల రిటర్నుల్లో క్రిప్టో (బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కాయిన్ల) లెక్కలు కూడా వస్తున్నాయి. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, జూలై 1 నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ మొదలయ్యాయి. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు. ఈ సంగతులన్నీ కుర్రాళ్ళకి ఓపిగ్గా చెప్పేదాన్ని. ఆ కాయిన్లు ఎక్కడ దాచుకుంటున్నారు, రేపు నీకేమన్నా అయితే ఇంట్లోవాళ్ళకి ఎలా అందుతాయి అని మాత్రం ఒక్కర్నీ అడగలేదు. అది నా పని అనుకోలేదు.

గత ఏడాది మా ఆఫీసుకి ఒకావిడ వచ్చారు. ఆవిడ సరేనన్నాకే ఇది రాస్తున్నాను. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సంక్రాంతికి ఊరికి వస్తూ హైవే మీద ప్రమాదంలో పోయాడు. జీతంలో కోసిన టీడీఎస్ వెనక్కి రావాలంటే వారసురాలిగా ఆవిడే రిటర్న్ వేయాలి. ఫామ్ 16, బ్యాంకు పాస్‌బుక్కు, మరణ ధ్రువపత్రం ఒక్కొక్కటే సంచిలోంచి తీసి ఇచ్చారు. చివర్లో చేతిరుమాల్లో చుట్టిన చిన్న వస్తువొకటి టేబుల్ మీద పెట్టి, "ఇది వాడి సొరుగులో దొరికిందండి. పెన్‌డ్రైవ్ అనుకున్నాం. కాదంటున్నారు. మీరేమన్నా చూస్తారా మేడం గారూ" అన్నారు.

అది హార్డ్‌వేర్ వాలెట్, అంటే క్రిప్టో కాయిన్ల తాళంచెవి లాంటి రహస్యాన్ని దాచిపెట్టే చిన్న పరికరం. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం, ఎందుకంటే తప్పు దానిది కాదు. అప్పటికే వాళ్ళ మేనల్లుడు పుట్టినరోజు, బండి నంబరు, టెన్త్ హాల్‌టికెట్ నంబరు, తోచినవన్నీ పిన్‌గా కొట్టి చూశాడు. తప్పు పిన్‌లు హద్దు దాటితే ఇలాంటి పెట్టె తనలో ఉన్నదంతా తనే చెరిపేసుకుంటుంది. దొంగ చేతిలో పడితే కాపాడడానికి పెట్టిన ఏర్పాటు అది. ఇక్కడ పడింది కన్నతల్లి చేతిలో.

అబ్బాయి ఈమెయిల్ తెరిచి చూస్తే, కాయిన్లు కొనీ అమ్మే ఎక్స్చేంజ్ నుంచి వాటిని ఏ అడ్రస్‌కి (ఖాతా నంబరు లాంటిది) పంపుకున్నాడో కనిపించింది. ఆ అడ్రస్‌ని ఎవరైనా చూడొచ్చు. కంప్యూటర్‌లో కొట్టి ఆవిడకి చూపించాను. 0.38 బిట్‌కాయిన్.

"ఇది మావాడిదేనా?"

"అవునమ్మా."

"మరి తీసుకోడానికి లేదా?"

ఎక్కడన్నా అంకెలు వేసి వరుసగా ఇంగ్లీషు మాటలు రాసిన కాగితం కనబడిందా అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించారు. తర్వాత మెల్లగా, "ఒక పుస్తకంలో ఉన్నాయండి. మా అన్నయ్య మనవరాలి స్పెల్లింగులేమో అనుకున్నా. గది సర్దినప్పుడు పాత పేపర్లతో పాటు కేజీల్లెక్కన వేసేశాను" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా క్లయింట్లలో ఈ పెట్టెలు వాడేవాళ్ళు పదిమందైనా ఉంటారు. వాళ్ళకి ఏదైనా చెప్పాలంటే ముందు నాకు తెలియాలి కదా. అందుకే ట్రెజర్ సేఫ్ 3 కొన్నాను, కొద్ది మొత్తం బిట్‌కాయిన్ కొని అందులోకి వేశాను. ఎనిమిది నెలలు వాడాక రాస్తున్న మాటలివి.

ట్రెజర్ అంటే చెక్ భాషలో ఇనప్పెట్టె. ప్రాగ్ నగరంలోని సతోషిల్యాబ్స్ అనే సంస్థ 2014 లో మొదటి మోడల్ తెచ్చింది, ఈ సేఫ్ 3 ని 2023 అక్టోబర్‌లో విడుదల చేసింది. అప్పటి ధర 79 డాలర్లు. బరువు 14 గ్రాములు, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. ఒక అంగుళం లోపు తెర, కింద రెండు బటన్లు, యూఎస్‌బీ-సీ రంధ్రం. బ్యాటరీ లేదు, బ్లూటూత్ లేదు. కేబుల్ పెడితేనే వెలుగుతుంది. కొత్త పెట్టెలో సాఫ్ట్‌వేర్ ఉండదు. మొదటిసారి కంప్యూటర్‌కి తగిలించినప్పుడు కంపెనీ యాప్ దాన్ని ఎక్కించి, అసలుదో నకిలీదో పరీక్ష చేస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ కోడ్ అంతా ఎవరైనా చదువుకునేలా బహిరంగంగా పెట్టారు. నేను చదవలేను, కానీ చదవగలిగినవాళ్ళు ఏళ్ళ తరబడి చదువుతున్నారన్నది నాకు ధైర్యం. 2020 జనవరిలో క్రాకెన్ అనే ఎక్స్చేంజ్ వాళ్ళ ల్యాబ్, పాత ట్రెజర్ మోడళ్ళు చేతికి దొరికితే పావుగంటలో లోపలి రహస్యం లాగొచ్చని చేసి చూపించింది. సేఫ్ 3 లో విడిగా ఒక సెక్యూర్ చిప్ పెట్టడానికి ఇలాంటి పరీక్షలే కారణం. పిన్ తప్పు కొట్టిన ప్రతిసారీ ఎదురుచూడాల్సిన సమయం రెట్టింపవుతుంది. తప్పులు హద్దు దాటితే మొత్తం చెరిగిపోతుంది.

మా నాయనమ్మగారింట్లో ఇనప్పెట్టె ఉండేది. తాళంచెవి నాయనమ్మ బొడ్లో దోపుకునేది. అది అక్కడుంటుందని ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆవిడ పోయిన రోజు మా పెద్దత్తయ్య ఎవర్నీ అడక్కుండా ఆ తాళంచెవి తీసి దేవుడి గూట్లో పెట్టింది. ట్రెజర్‌తో వచ్చే చిక్కు ఇక్కడే ఉంది. ఇందులో తాళంచెవి కంటికి కనబడదు. కాయిన్లు కూడా ఈ పెట్టెలో ఉండవు. 2009 జనవరి 3 న మొదలైన ఒక పెద్ద చిట్టా ఉంది, దాని నకళ్ళు ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో ఉన్నాయి. ఏ అడ్రస్‌లో ఎంత ఉందో అందరికీ కనబడుతుంది. కదిలించాలంటే మాత్రం ఆ అడ్రస్‌కి సరిపోయే ఒక మహా పెద్ద రహస్య సంఖ్య తెలిసి ఉండాలి. అంత సంఖ్య మనిషి రాసుకోలేడు కాబట్టి దాన్ని మామూలు పదాలుగా మార్చి ఇస్తారు. 2013 లో తయారైన పద్ధతిలో 2,048 పదాల జాబితా నుంచి 12 గానీ 24 గానీ పదాలు వస్తాయి. సేఫ్ 3 లో అది కాకుండా 1,024 పదాల ఇంకో జాబితా కూడా ఉంది, 20 పదాల చొప్పున వస్తాయి. పెట్టె పోయినా పగిలినా ఆ పదాలుంటే డబ్బు ఉన్నట్టే. పదాలు పోతే, ఆ అమ్మకి జరిగిందే జరుగుతుంది.

ఆ పదాలు ఏ భాషలో ఉంటాయనుకున్నారు? పాత పద్ధతికి ఇంగ్లీషుతో పాటు జపనీస్, కొరియన్, చైనీస్, స్పానిష్, ఫ్రెంచ్, ఇటాలియన్, చెక్, పోర్చుగీస్ జాబితాలు ఉన్నాయి. మన దేశపు భాష ఒక్కటీ లేదు. తెలుగు లేదు, హిందీ లేదు. కొత్త పద్ధతికి ఇంగ్లీషు జాబితా ఒక్కటే. మా క్లయింటు ఇంట్లో ఆ పుస్తకంలో వరుసగా తెలుగు మాటలు ఉండి ఉంటే, ఆవిడ కనీసం ఒకసారి ఆగి చదివేవారు. ఇదేంట్రా అని ఎవర్నో అడిగేవారు. నాకు ఈ వస్తువులన్నిటి మీదా ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే.

అయితే సేఫ్ 3 లో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. రహస్యాన్ని ముక్కలు చేసి ఇస్తుంది. నేను మూడు ముక్కలు చేయించి, అందులో ఏ రెండు దొరికినా చాలు అని పెట్టాను. ఒక్క ముక్క దొంగకి దొరికితే వాడికేం రాదు. ఒక్క ముక్క పోతే మనకేం నష్టం లేదు. మన ఇళ్ళకి ఇది సరిగ్గా సరిపోతుంది: ఒకటి మనింట్లో, ఒకటి పుట్టింట్లో, ఒకటి లాకర్‌లో అనుకోండి. నావి ఎక్కడున్నాయో రాయను.

ముక్కకి 20 పదాలు, మూడిటికీ కలిపి 60. కాగితం మీద రాస్తే చెదలకో, వరదకో, పాత పేపర్లవాడికో పోతుంది. అందుకని స్టీలు రేకు మీద కొట్టాలనుకున్నాను. ఆటోనగర్‌లో పోస్టుకార్డంత స్టెయిన్‌లెస్ రేకులు మూడు కోయించుకుని, లెటర్ పంచ్ సెట్టు కొన్నాను. 27 పంచ్‌లున్న డబ్బా అది. షాపాయన "ఏం పేరు కొట్టాలో చెప్పండమ్మా, మా కుర్రాడు ఐదు నిమిషాల్లో కొట్టేస్తాడు" అన్నాడు. వద్దన్నాను. ఆ పదాలు ఇంకో కంటపడితే ఇంత ఖర్చూ, ఇంత శ్రమా వృథా.

ఆదివారం కారు షెడ్డులో సిమెంటు నేల మీద కూర్చుని మొదలుపెట్టాను. జాబితాలో ప్రతి పదానికీ మొదటి నాలుగు అక్షరాలు వేరుగా ఉంటాయి కాబట్టి ఆ నాలుగే కొడితే చాలు. అయినా మొత్తం 240 అక్షరాలు. స్టెయిన్‌లెస్ రేకు మొండిది. సుత్తితో మెల్లగా కొడితే గీత పడదు, గట్టిగా కొడితే పంచ్ ఎగిరి అక్షరం పక్కనే ఇంకో నీడ పడుతుంది. మొదటి రేకు పూర్తయ్యేసరికి మణికట్టు వాచింది. రెండో రేకు కొడుతుంటే ఒకటి గమనించాను, మూడు ముక్కలకీ మొదటి మూడు పదాలు ఒకటే. ఇవన్నీ ఒకే కట్టలోవి అని గుర్తుపట్టడానికి అది పనికొస్తుంది. రెండు ఆదివారాలు పట్టింది.

తర్వాత అసలు పరీక్ష. పెట్టెని నేనే కావాలని పూర్తిగా చెరిపేశాను. తెనాలి వెళ్ళి రెండు రేకులు అమ్మ చేతికిచ్చాను. అమ్మ తెలుగు మీడియంలో పదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, వాక్యం చదవడం కష్టం. కేబుల్ తగిలించి యాప్ తెరవడం వరకు నేను చేశాను, పదాలు కొట్టడం ఆవిడ పని. రేకు మీద అక్షరాలు ట్యూబ్‌లైటు వెలుగులో మెరిసిపోయి కనబడలేదు. అమ్మ లేచి వెళ్ళి ముగ్గుపిండి చిటికెడు తెచ్చి, రేకు మీద పోసి, అరచేత్తో రుద్ది, పైట చెంగుతో తుడిచింది. గుంటల్లో పిండి నిలిచి అక్షరాలు తెల్లగా పైకి తేలాయి. నాకు రెండు ఆదివారాల్లో తట్టని ఆలోచన అది.

రెండు బటన్లు నొక్కుకుంటూ ఒక్కో అక్షరం వెతుక్కోవాలి. పదాలు ఈ చిన్న తెర మీదే కొట్టాలి, కంప్యూటర్ కీబోర్డు మీద ఎప్పుడూ కొట్టకూడదు. నిదానంగా సాగే పనే అయినా అందులోనే భద్రత ఉంది. ఒకచోట నేను వంకరగా కొట్టిన యూ ని అమ్మ వీ అనుకుంది. అలాంటి పదం జాబితాలో లేదు కాబట్టి పెట్టె ముందుకి పోనివ్వలేదు. నలభై పదాలకి గంటంపావు పట్టింది. తెర మీద నా కొద్దిపాటి బ్యాలెన్సు మళ్ళీ కనబడగానే అమ్మ కళ్ళద్దాలు తీసి, "అయితే ఈ డబ్బాలో ఏం లేదన్నమాట. ఉన్నదంతా ఈ రేకుల్లోనే ఉంది" అంది. నేను క్లయింట్లకి అరగంట చెప్పే సంగతి అది.

ఇక క్లయింట్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇందులో పెట్టుకుంటే గవర్నమెంట్‌కి కనబడదు కదా మేడం?" కనబడుతుంది. మీరు కొన్నది ఎక్స్చేంజ్‌లో, కేవైసీ ఇచ్చి. 2023 మార్చి నుంచి ఎక్స్చేంజీలన్నీ మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందకి వచ్చాయి. అక్కడి నుంచి ఏ అడ్రస్‌కి పంపారో రికార్డు ఉంటుంది, ఆ తర్వాతి కదలికంతా బహిరంగ చిట్టాలో ఉంటుంది. 2025 లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో 247 వ సెక్షన్ ప్రకారం, సోదాకి వచ్చిన అధికారి డిజిటల్ ఖాతాల పాస్‌వర్డులు దాటుకుని లోపలికి వెళ్ళొచ్చు. సమాచార సాంకేతిక చట్టం 69 వ సెక్షన్ కింద, సంబంధిత అధికారి అడిగినప్పుడు ఎన్‌క్రిప్షన్ (రహస్య లిపి) విప్పడానికి సహకరించకపోతే ఏడేళ్ళ వరకు జైలు. పన్ను ఎగ్గొట్టడానికి ఈ పెట్టె కొనేవాళ్ళకి నా దగ్గర పనిలేదు. దొంగల నుంచి కాపాడుకోవడానికి కొనండి. 2024 జూలై 18 న వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్చేంజ్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు ఎత్తుకుపోయారు. తాళం ఇంకొకరి చేతిలో పెడితే ఏమవుతుందో ఆ రోజు దేశమంతా చూసింది.

కానీ మా దగ్గర అన్నీ విప్పి చూపించమనే ప్రభుత్వం, తన కాగితాలు ఎంతవరకు చూపిస్తోంది? ఈ మాట నేను కోపంతోనే రాస్తున్నాను. 2021 లో క్రిప్టో బిల్లు పేరు పార్లమెంటు జాబితాలో రెండుసార్లు వచ్చింది, బడ్జెట్ సమావేశాలకి ఒకసారి, శీతాకాల సమావేశాలకి ఒకసారి. నిషేధిస్తారన్న అర్థం వచ్చే రెండు వాక్యాలు తప్ప బిల్లులో ఏముందో ఎవరికీ చూపించలేదు. నవంబర్‌లో ఆ వార్త వచ్చిన రాత్రి మన ఎక్స్చేంజీల్లో ధరలు కుప్పకూలాయి. నాకు రాత్రి పదకొండు దాటాక కూడా ఫోన్లు. అమ్మేయమంటారా, జైల్లో వేస్తారా, మా ఆయన ఉద్యోగం పోతుందా అని. నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే చదవడానికి ఏమీ లేదు. చాలామంది నష్టానికి అమ్ముకున్నారు. ఆ బిల్లు సభలో ప్రవేశపెట్టనే లేదు.

దీని పక్కన 2015 సెప్టెంబర్ సంగతి పెట్టి చూడండి. కేంద్రం ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదాని బయటపెట్టింది. మామూలు జనం కూడా తాము పంపిన సందేశాల్ని 90 రోజులపాటు మామూలు అక్షరాల్లో దాచి ఉంచాలన్నది అందులో ఒక నియమం. చదివినవాళ్ళందరూ ఇదేంటని అడిగారు. రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. చూపించారు కాబట్టి తప్పు దొరికింది, దిద్దుకున్నారు. సమాచార హక్కు చట్టం కేబినెట్ కాగితాలకి నిర్ణయం అయ్యేవరకు మినహాయింపు ఇస్తుందని నాకు తెలుసు, అందులోని 8(1)(i) సెక్షన్ నేనూ చదివాను. కానీ జనం డబ్బుకి సంబంధించిన బిల్లు ముసాయిదా ముందుగా జనానికి చూపించడంలో దేశానికొచ్చే ముప్పేంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సరే, మళ్ళీ పెట్టె దగ్గరికి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ వస్తువులు కొన్నవాళ్ళ జాబితాలు దొంగలకి బంగారం. 2020 లో, ఇలాంటి పెట్టెలే చేసే లెడ్జర్ కంపెనీ కొనుగోలుదారుల్లో రెండున్నర లక్షల మందికి పైగా పేర్లు, ఇంటి చిరునామాలు బయటపడ్డాయి. కొందరి ఇళ్ళకి నకిలీ పెట్టెలు పోస్టులో వచ్చాయి. ట్రెజర్ సహాయ కేంద్రం నుంచి కూడా 2024 జనవరిలో సుమారు 66 వేల మంది ఈమెయిళ్ళు బయటికి పోయి ఉండొచ్చని కంపెనీయే చెప్పింది. పెట్టెలోని రహస్యాలకేం కాలేదు, ఆ ఈమెయిళ్ళలో కొన్నిటికి మోసపు ఉత్తరాలు మాత్రం వెళ్ళాయి. అందుకని ఆఫీసు చిరునామాకి తెప్పించుకోండి. సెకండ్‌హ్యాండ్ వద్దు. మీ పదాలు అడుగుతూ ఏ ఉత్తరం వచ్చినా, ఏ ఫోన్ వచ్చినా, అది మోసమే.

తెర చిన్నది, చూపు తగ్గినవాళ్ళకి ఇబ్బంది. పొడవాటి అడ్రస్ సరిచూసుకోవడానికి చాలాసార్లు బటన్ నొక్కాలి. ఇవి నాకు పెద్ద లోపాలుగా అనిపించలేదు. ఎక్స్చేంజ్‌లో ఐదారు వేల రూపాయల కాయిన్లున్న పిల్లలకి ఇది అక్కర్లేదు. లక్షల్లో ఉండి, రెండు ఆదివారాలు కూర్చుని రేకులు కొట్టే ఓపిక, ఇంట్లో ఒకరికి చెప్పే ధైర్యం ఉంటే తప్పక కొనొచ్చు. చెప్పే ధైర్యం లేకపోతే డబ్బు బ్యాంకులో నామినీ పేరు రాసి వేసుకోండి.

నేను తెలుగులో ఒక పేజీ ఉత్తరం రాసి ఎల్‌ఐసీ బాండు, ఇంటి దస్తావేజులు ఉండే ఫైల్లో పెట్టాను. అందులో రహస్యం ఏమీ లేదు. "నల్ల డబ్బా పోయినా కంగారు పడొద్దు. స్టీలు రేకులు మూడున్నాయి, ఏ రెండైనా చాలు. ముగ్గుపిండి రుద్దితే అక్షరాలు కనబడతాయి. అవి ఎవరికీ ఫోటో తీసి పంపొద్దు, కంప్యూటర్‌లో కొట్టొద్దు. అమ్మకి అన్నీ తెలుసు, అమ్మని అడగండి." ఇలా మొదలవుతుంది. అమ్మ చదివి, ముగ్గుపిండి అన్నచోట 'పొడిది' అని చేర్పించింది.

కొడుకుని పోగొట్టుకున్న ఆవిడకి, అతని రిఫండ్ మొన్న జూలైలో పడింది. చెప్పడానికి ఆఫీసుకొచ్చారు, మేనల్లుడు వెంట ఉన్నాడు. వెళ్ళబోతూ, "ఒకసారి అది చూపిస్తారా" అన్నారు. అడ్రస్ కొట్టి స్క్రీన్ ఆవిడ వైపు తిప్పాను. 0.38. "వాడు పెట్టింది పెట్టినట్టే ఉంది" అని చాలాసేపు చూశారు. మేనల్లుడు నా టేబుల్ మీదున్న రేకు ముక్క, నేను సాధన చేసిన ముక్క, చేతిలోకి తీసుకుని ఇది దేనితో కొట్టారని అడిగాడు. వాడి దగ్గరా కొన్ని కాయిన్లున్నాయట, ఇంట్లో ఎవరికీ తెలియదట. లెటర్ పంచ్ డబ్బా తీసి ఇచ్చాను. ఇంకా తిరిగి ఇవ్వలేదు. తొందరేం లేదని చెప్పాను.